డీఫ్రాక్: అంగీ విప్పిస్తే ఏమి పోతుంది, ఏమి పోదు

2019 ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం మా అనువాదాల బల్ల మీదికి రోమ్ నుంచి ఒక వార్త వచ్చింది. ఒకప్పుడు వాషింగ్టన్ ఆర్చిబిషప్పుగా, కార్డినల్‌గా వెలిగిన థియోడర్ మెక్‌కారిక్‌ను వాటికన్ ‘డీఫ్రాక్’ చేసిందని శీర్షిక. మతగురువు హోదా తీసేయడానికి ఇంగ్లీషువాళ్లు వాడే మాట అది. కొత్తగా చేరిన కుర్రవాడు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: “సార్, ఫ్రాకు అంటే ఆడపిల్లలు వేసుకునేదే కదా, ఇక్కడ ఏమని రాయాలి?”

నవ్వు వచ్చింది కానీ ఎక్కువసేపు నిలవలేదు. ఏమని రాయాలో నాకూ తెలియలేదు. ‘పదవి నుంచి తొలగించారు’ అందామంటే, ఆయన ఆర్చిబిషప్పుగా ఎప్పుడో 2006లోనే విరమించుకున్నారు, కార్డినల్ హోదాను కూడా 2018లోనే వదులుకున్నారు. తొలగించడానికి పదవంటూ మిగలలేదు. ‘వెలివేశారు’ అంటే అది వేరే శిక్ష. ‘బర్తరఫ్ చేశారు’ అంటే రెవెన్యూ ఆఫీసు వాసన కొడుతుంది. పేజీ పంపే వేళ మించిపోతుండగా ‘మతాధికారి హోదా నుంచి బహిష్కరణ’ అని ఏదో అతికించి పంపేశాం. అందులో సగం తప్పని తర్వాత తీరుబడిగా చదివితే తెలిసింది. ఆ సగం తప్పు గురించే ఈ వ్యాసం.

ముందు ఆ కుర్రవాడికి రావలసిన మార్కులు ఇచ్చేయాలి. అతను అనుకున్నది నిజమే, అది అదే ఫ్రాకు. పాత ఫ్రెంచిలో ‘ఫ్రోక్’ అంటే సన్యాసులు తొడుక్కునే ముతక అంగీ; ముసుగుతో కూడిన పొడవాటి ఉన్ని బట్ట. దాని మూలం జర్మానిక్ తెగవారైన ఫ్రాంకుల భాషలోని ‘హ్రోక్’ లాంటి మాట అని ఎక్కువమంది పండితులు అంటారు. నేటి జర్మన్‌లో లంగాను ‘రోక్’ అనడం దాని చుట్టరికమే. ఫ్రాంకుల నోట ‘హ్ర’గా ఉన్నది ఫ్రెంచివారి నోట ‘ఫ్ర’ అయింది. 14వ శతాబ్దంలో ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు కూడా సన్యాసి అంగీ అనే అర్థమే. తర్వాత అది పొలం కూలీల వదులు చొక్కా మీదికి, అక్కడి నుంచి పసిపిల్లల గౌను మీదికి, ఆడవారి దుస్తుల మీదికి, చివరికి దొరల ఫ్రాక్ కోటు మీదికి జారింది. మన ఇళ్లకు వచ్చేసరికి పఫ్ చేతులతో, నడుము వెనక రిబ్బన్ ముడితో వచ్చింది. మఠంలో పుట్టిన మాట పుట్టినరోజు ఫోటోలో తేలింది. దాని ముందు ‘డీ’ అనే విప్పుడు ఉపసర్గ చేరిన మాట మాత్రం మఠంలోనే ఉండిపోయింది. అందుకే ఇప్పుడు రెండింటికీ చుట్టరికం కనిపించక వింతగా ఉంటుంది.

అసలు ఈ విప్పించడం అనేది కేవలం అలంకారం కాదు. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ తన మఠవాసులకు ఒక నియమావళి రాశాడు. పడమటి ఐరోపా సన్యాసానికంతటికీ అదే తల్లివేరు. అందులో 58వ అధ్యాయం కొత్తవాడిని మఠంలోకి ఎలా తీసుకోవాలో చెబుతుంది. వచ్చినవాడు తన ప్రతిజ్ఞను కాగితం మీద రాసి, తన చేత్తోనే వేదిక మీద పెట్టాలి. అప్పుడు అక్కడే అతని ఒంటి మీది బట్టలు తీసి, మఠం బట్టలు తొడుగుతారు. మరి విడిచిన బట్టలు? పారేయకూడదు, పేదవాడికి ఇచ్చేయకూడదు. మఠం బట్టల గదిలో భద్రంగా దాచాలి. ఎందుకంటే, దేవుడు అలా జరగకుండా చూడాలి గానీ, ఏనాడైనా అతను సాతాను మాట విని వెళ్లిపోతానంటే, మఠం బట్టలు విప్పించి, అతని పాత బట్టలు అతనికి తొడిగి పంపించాలి. కానీ వేదిక మీద పెట్టిన ఆ ప్రతిజ్ఞాపత్రం మాత్రం తిరిగి ఇవ్వకూడదు. అది మఠంలోనే ఉండాలి.

నాకు ఈ అధ్యాయం ఎప్పుడు గుర్తొచ్చినా ఆ బట్టల గదే కళ్లకు కడుతుంది. ముప్పై ఏళ్ల కిందట ఊరి నుంచి వేసుకొచ్చిన చొక్కా మడత నలగకుండా అరలో ఉంది. తొడుక్కునేవాడు ఇప్పుడు ముసలివాడయ్యాడు, అది పట్టదు కూడా. అయినా ఉంది. బట్టలు తిరిగి ఇస్తారు, కాగితం ఇవ్వరు. ‘డీఫ్రాక్’ కథలోని చిక్కంతా ఈ రెండు ముక్కల మధ్యే ఉంది.

ఫ్రెంచిలో ‘దెఫ్రోకే’ అనే క్రియ ఈ మఠాల చుట్టూనే పుట్టింది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, అది ఎక్కువగా సన్యాసి తనంతట తాను చేసే పని. అంగీ విడిచి, గోడ దాటి, లోకంలోకి వచ్చేయడం. ఫ్రెంచివారికి ‘అంగీని దురదగొండి పొదల్లోకి విసిరేశాడు’ అనే జాతీయం కూడా ఉంది. స్పెయిన్‌వారు ‘అంగీని కొక్కేనికి తగిలించాడు’ అంటారు. ‘కాషాయం విడిచాడు’ అని మనం అన్నట్టే. ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ 1524 అక్టోబరులో సన్యాసి అంగీ మానేసి మామూలు దుస్తుల్లో బోధించడం మొదలుపెట్టాడు. అంగీ ఎవరూ లాగేయలేదు, తనే విడిచాడు. ఇంగ్లీషులోకి దిగిన తర్వాతే ఈ క్రియకు కర్త మారిపోయాడు. తాను విడిచేది కాస్తా, పైవాళ్లు విప్పించేది అయింది. 1644లో కవి మిల్టన్ అచ్చు స్వేచ్ఛ కోసం రాసిన కరపత్రంలో దీని జంటమాట ‘అన్‌ఫ్రాక్’ కనిపిస్తుంది. ఒక పూజారి అంగీ విప్పించి, ఒక బిషప్పు కిరీటం తీయించినంత మాత్రాన దేశం బాగుపడదు అన్నాడాయన. మొదటి ఎలిజబెత్ రాణి ఈలీ అనే ఊరి బిషప్పు మీద కోపగించి, “నిన్ను అన్‌ఫ్రాక్ చేస్తాను” అని రాసిందనే ఉత్తరం ఒకటి చాలా పుస్తకాల్లో తిరుగుతుంది. అది 18వ శతాబ్దంలో ఎవరో కల్పించినదని చరిత్రకారులు తేల్చారు. కల్పితమైనా, జనానికి ఆ మాట ఎంత నచ్చిందో చెప్పడానికి పనికొస్తుంది.

ఇంకో మెలిక ఉంది. ఫ్రోక్ సన్యాసి బట్ట, పారిష్ గురువుది కాదు. ఊరి చర్చిలో పూజ చేసే ఫాదర్ వేసుకునేది నిలువునా బొత్తాలున్న వేరే అంగీ. ఫాదర్లందరూ సన్యాసులు కారు, సన్యాసులందరూ ఫాదర్లు కారు. సన్యాసికి ఉండేది వ్రతం, ఫాదర్‌కు ఉండేది అభిషేకం, అంటే నూనె పూసి గురువుగా చేసే సంస్కారం. వ్రతం మనిషి చేసుకున్న ప్రతిజ్ఞ. దాని నుంచి పైవాళ్లు విడుదల ఇవ్వగలరు. అభిషేకం సంగతి అలా కాదు. సన్యాసి కోసం పుట్టిన క్రియను ఫాదర్‌కు తగిలించిన రోజే గందరగోళం మొదలైంది. రష్యావారి పద్ధతి చూడండి. వాళ్లు బట్టను కాకుండా జుట్టును పట్టుకున్నారు. దీక్షలో జుట్టు కత్తిరిస్తారు గనుక, దీక్ష పోయినవాడు ‘రస్త్రిగా’, అంటే కత్తిరింపు రద్దయినవాడు. 1605లో రాజకుమారుడినని చెప్పుకుని రష్యా సింహాసనమెక్కిన దొంగ ద్మీత్రిని శత్రువులు ఆ మాటతోనే తిట్టారు, మఠం నుంచి పారిపోయిన గ్రిగోరి ఒత్రెప్యేవ్ అతనేనని.

ఇక్కడ మన భాషలోని ఒక మాటను పక్కన పెట్టి చూస్తే విషయం తేలికవుతుంది. ‘ఉద్వాసన’. నేడు పేపర్లలో అది ఉద్యోగం ఊడటానికి మారుపేరు. మంత్రివర్గం నుంచి ఉద్వాసన, జట్టు నుంచి కోచ్‌కు ఉద్వాసన. కానీ అది పూజగది మాట. పసుపు ముద్దలోకి గణపతిని ఆవాహన చేస్తాం, అక్షింతలు వేస్తాం, బెల్లం ముక్క నైవేద్యం పెడతాం. పని అయ్యాక ‘యథాస్థానం ప్రవేశయామి’ అని తమలపాకును కాస్త కదిపితే ఉద్వాసన చెప్పినట్టు. ఆ తర్వాత అది పసుపే. ఇంటి ఇల్లాలు దాన్ని మంగళసూత్రాలకు రాసుకోవచ్చు. పూజగది నుంచి ఆఫీసుకు వెళ్లిన మాట మనది. మఠం నుంచి పత్రికాఫీసుకు వెళ్లిన మాట వాళ్లది. పోలిక అక్కడితో ఆగిపోతుంది. ఎందుకంటే కతోలిక శ్రీసభ (కతోలికులు తమ చర్చి వ్యవస్థను పిలుచుకునే పేరు) నమ్మకంలో గురువుకు ఆవాహన ఉంది గానీ ఉద్వాసన లేదు.

ఈ నమ్మకం వెనుక ఒక పాత తగాదా ఉంది. నాలుగో శతాబ్దం మొదట్లో రోమన్ చక్రవర్తులు క్రైస్తవులను వేధించినప్పుడు ఉత్తర ఆఫ్రికాలో కొందరు బిషప్పులు భయపడి పవిత్ర గ్రంథాలను అధికారులకు అప్పగించారు. వేధింపు ముగిశాక, అలాంటి ద్రోహుల చేతి మీదుగా జరిగిన అభిషేకాలు చెల్లవని దొనాతిస్టులనే అక్కడి క్రైస్తవ వర్గంవారు పట్టుబట్టారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అదే ప్రాంతంలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీన్ ఒప్పుకోలేదు. ఇచ్చేవాడు చెడ్డవాడైతే ఇచ్చినది చెల్లదంటే, ఏ తల్లికీ తన బిడ్డ జ్ఞానస్నానం (బాప్తిస్మం) మీద నమ్మకం మిగలదు. ఆయన సైన్యం నుంచి పోలిక తెచ్చాడు. రోమన్ సైనికుడి ఒంటి మీద ముద్ర వేసేవారు. వాడు సైన్యం నుంచి పారిపోయినా ముద్ర పోదు. తిరిగి వస్తే మళ్లీ ముద్ర వేయరు. పారిపోయినందుకు శిక్ష వేస్తారు, అంతే. జ్ఞానస్నానమూ అభిషేకమూ అలాంటి ముద్రలే అన్నాడు. 1563లో కతోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ దీన్ని శిలాశాసనం చేసింది: ఒకసారి గురువైనవాడు మళ్లీ మామూలు విశ్వాసి కాగలడని ఎవడైనా అంటే వాడు శాపగ్రస్తుడు. ఎవరిని ఉద్దేశించి అన్నారో దాచనక్కరలేదు. 1520లోనే లూథర్, గురుత్వం ఒక ఉద్యోగమేననీ, దింపేస్తే ఆ మనిషి మిగతావారి లాగే ఒక రైతో పట్నవాసో అవుతాడనీ రాశాడు.

తెలుగు కతోలికులు ఫాదర్‌కు జరిగే ఈ సంస్కారాన్ని ‘గురుపట్టాభిషేకం’ అంటారు. అందమైన మాట, కానీ ఒక ఇబ్బంది ఉంది. పట్టాభిషేకం అనగానే మనకు రాజు గుర్తొస్తాడు, రాజు పదభ్రష్టుడు కావచ్చు. గురుపట్టం అలా దిగేది కాదు. దానికి ఆధారంగా చూపే వాక్యం 110వ కీర్తనలో ఉంది: మెల్కీసెదెకు క్రమం చొప్పున నీవు నిరంతరం యాజకుడివి. ఆ ‘నిరంతరం’ అన్న మాటకు మినహాయింపు లేదు.

పోనిది తీసేయాలంటే ఎలా? తీసేసినట్టు చూపించాలి. మధ్యయుగం ఆ చూపించడంలో ఆరితేరింది.

633లో స్పెయిన్‌లోని టోలెడో సభ ఒక విచిత్రమైన నియమం చేసింది. తప్పుడు ఆరోపణతో దింపేసిన బిషప్పు నిర్దోషి అని తేలితే, పోగొట్టుకున్న వస్తువులను వేదిక ముందు ఒక్కొక్కటిగా తిరిగి ఇవ్వాలట. బిషప్పుకు మెడపట్టీ, ఉంగరం, చేతికర్ర. గురువుకు మెడపట్టీ, పైవస్త్రం. గురువుకు కింది మెట్టులో ఉండే డీకనుకు మెడపట్టీ, తెల్లంగీ. ఇవ్వడం ఇలా ఉందంటే తీయడం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. 1401లో లండన్ సెయింట్ పాల్ చర్చిలో మతవిరోధిగా తేల్చిన విలియమ్ సాత్రి అనే గురువుకు జరిగిన తంతు ఆ ఊహకు ఆకారం ఇస్తుంది. ఆయనను ఒక్కసారిగా కింద పడేయలేదు. ఎక్కిన మెట్లన్నీ వరసగా దింపారు. పానపాత్ర తీసుకుని గురువు కాదన్నారు. సువార్త పుస్తకం తీసుకుని డీకను కాదన్నారు. కొవ్వొత్తి స్తంభం తీసుకున్నారు, భూతాలను వదిలించే మంత్రాల పుస్తకం తీసుకున్నారు, పాఠాల పుస్తకం తీసుకున్నారు. అట్టడుగు మెట్టు ద్వారపాలకుడిది. అందుకని చివర చర్చి తాళపుచెవులు తీసుకున్నారు. నడినెత్తిన గుండ్రంగా గొరిగిన గుర్తును చెరిపి, నెత్తిన మామూలు మనిషి టోపీ పెట్టారు. తర్వాత కాల్చేయడానికి అప్పగించారు.

ఇంత తంతు ఎందుకంటే, దానికి చట్టపరమైన అవసరం ఉంది. మధ్యయుగపు గురువును రాజు కోర్టు ముట్టుకోకూడదు. అతని తప్పును శ్రీసభ న్యాయస్థానమే విచారించాలి. 12వ శతాబ్దంలో ఇంగ్లండులో రెండో హెన్రీ రాజుకూ ఆర్చిబిషప్పు థామస్ బెకెట్‌కూ చెడినది ఈ విషయం మీదే. శ్రీసభ రక్తం చిందించదు. రాజు గురువు మీద చెయ్యి వేయలేడు. ఈ రెండు నియమాల మధ్య సందు కావాలంటే గురువును ముందు గురువు కాకుండా చేయాలి. బట్టలు విప్పడం అన్నది ఆ మనిషిని ఒక అధికారం నుంచి ఇంకో అధికారానికి బదిలీ చేసే రసీదు. తంతు జరిపిన బిషప్పులు, ఇతని మీద దయ చూపండని రాజు మనుషులకు ఒక ముక్క చెప్పేవారు కూడా. ఆ దయకు అర్థం ఏమిటో వినేవాళ్లందరికీ తెలుసు. నన్నడిగితే, మొత్తం తంతులో అన్నింటికన్నా అసహ్యమైనది ఆ ముక్కే.

1415 జూలై 6న కాన్‌స్టాన్స్ కథీడ్రల్‌లో యాన్ హుస్ విషయం మరింత వివరంగా మనకు అందింది, ఆయన వెంట ఉన్న ఒక శిష్యుడు చూసినది చూసినట్టు రాసిపెట్టాడు గనుక. ప్రాగ్ నగరపు బోధకుడైన హుస్‌కు ముందు పూజకు వెళ్లేవాడికి తొడిగినట్టు అన్ని వస్త్రాలూ తొడిగారు. పానపాత్ర చేతికిచ్చి, యేసును పట్టించిన యూదాతో పోల్చి, లాగేసుకున్నారు. వస్త్రాలు ఒక్కొక్కటి తీస్తూ ఒక్కొక్క శాపం చదివారు. అంతా గంభీరంగా నడుస్తుండగా ఒక చోట తంతు తడబడింది. నెత్తి మీది గుండు గుర్తును ఎలా చెరపాలి? మంగలికత్తితోనా, కత్తెరతోనా? బిషప్పుల మధ్య వాదన లేచింది. హుస్ రాజు వైపు తిరిగి, నన్ను ఎలా అవమానించాలన్న దాని మీద కూడా వీళ్లకు ఏకాభిప్రాయం లేదన్నాడు. చివరికి కత్తెర గెలిచింది, జుట్టును నాలుగు వైపులా కత్తిరించారు. మూరెడు ఎత్తున్న కాగితం టోపీ, దాని మీద మూడు దయ్యాల బొమ్మలు. నీ ఆత్మను సాతానుకు అప్పగిస్తున్నామన్నారు. నేను దాన్ని యేసుక్రీస్తుకు అప్పగిస్తున్నానన్నాడు హుస్. అదే రోజు ఊరి బయట కాల్చేశారు.

వస్త్రం తీయడం సులువు, జుట్టు కొంచెం కష్టం. అభిషేకపు నూనెనేం చేస్తారు? దానికీ ఉపాయం కనిపెట్టారు. 1556 ఫిబ్రవరి 14న ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లండు మాజీ ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మర్‌కు గోనెగుడ్డతోనూ చింకిపాతలతోనూ కుట్టించిన వేళాకోళపు వస్త్రాలు తొడిగారు. బానర్ అనే బిషప్పు ఎగతాళి చేస్తూ నడిపిస్తే, పక్కన ఉన్న థర్ల్‌బీ అనే బిషప్పు కన్నీళ్లు పెట్టుకున్నాడు, అతనూ క్రాన్మరూ పాత స్నేహితులు. ఆర్చిబిషప్పు భుజాల మీద ఉండే ఉన్ని పట్టీని తీయబోతే క్రాన్మర్ అడ్డుకుని, నా పట్టీ తీయడానికి మీలో ఎవరికి పట్టీ ఉందని అడిగాడు. హోదాలో మీరు నాకన్నా కింద కదా అని. బిషప్పులుగా కాదు, పోపు ప్రతినిధులుగా చేస్తున్నామని వాళ్లు సర్దిచెప్పుకున్నారు. తర్వాత జుట్టు కత్తిరించి, నాడు నూనె అంటిన వేలికొనలను గీకారు. చర్మం గీకితే ముద్ర పోతుందని బానర్ కూడా నమ్మి ఉండడు. కానీ చూసేవాళ్లకు అర్థమయ్యే భాష అదొక్కటే.

ఇప్పుడు తిరిగి 2019కి వద్దాం. ఆ రోజు వాటికన్ విడుదల చేసిన ప్రకటనలో ‘డీఫ్రాక్’ అనే మాటే లేదు. శ్రీసభ చట్టంలో ఎక్కడా లేదు. అందులో ఉన్నది ‘గురు జీవితస్థితి నుంచి తొలగింపు’ అని అర్థం వచ్చే మాట. పాపసంకీర్తనం (విశ్వాసి గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) వినే చోట పాపానికి ప్రేరేపించినందుకు, మైనర్లతోనూ పెద్దలతోనూ అధికారాన్ని దుర్వినియోగం చేస్తూ లైంగిక అపరాధాలు చేసినందుకు ఆ శిక్ష వేశారు. అంత హోదాలో ఉన్నవాడికి ఆ కారణంతో ఆ శిక్ష పడటం ఈ కాలంలో అదే మొదటిసారి. విప్పించడానికి అంగీ తంతు లేదు, ఒక ఉత్తర్వు ఉంది.

నేటి కతోలిక చట్టం 1983 నాటిది. దాని 290వ నిబంధన మొదటి వాక్యంలోనే అభిషేకం ఒకసారి చెల్లితే ఎన్నటికీ చెల్లకుండా పోదని చెప్పి, ఆ తర్వాత గురు జీవితస్థితి పోయే మూడు దారులు చూపిస్తుంది. అసలు అభిషేకమే మొదటి నుంచీ చెల్లలేదని తేలడం ఒకటి, అది అరుదు. శిక్షగా తొలగించడం రెండోది. తనే కోరుకుంటే రోమ్ అనుమతి ఇవ్వడం మూడోది. మెక్‌కారిక్‌ది రెండో దారి. పరాగ్వేలో బిషప్పుగా పనిచేసిన ఫెర్నాందో లూగో 2008లో ఆ దేశాధ్యక్షుడిగా గెలిస్తే పోపు అనుమతి ఇచ్చారు, అది మూడో దారి. ఒకరిది శిక్ష, ఇంకొకరిది విడుదల. ఇంగ్లీషు పత్రికల చేతిలో రెండింటికీ తరచూ ఒకే క్రియ. పెళ్లి చేసుకోవడానికి అనుమతి అడిగి గౌరవంగా బయటికి వచ్చిన ఎందరో మాజీ ఫాదర్లకు ఈ మాట అంటే ఒళ్లు మండుతుందంటే ఆశ్చర్యం లేదు. ‘పదవీ విరమణ’ చేసిన గుమాస్తాను ‘సస్పెండైన గుమాస్తా’ అన్నట్టుంటుంది.

1983కు ముందు చట్టం దీన్ని ‘మామూలు విశ్వాసి స్థాయికి తగ్గించడం’ అనేది. రెండో వాటికన్ మహాసభ తర్వాత ఆ ‘తగ్గించడం’ వినడానికి బాగులేదని తీసేశారు. తీసేయాల్సిందే. బెంచీల్లో కూర్చునే కోట్ల మంది స్థితినే శిక్షగా వేస్తారా? అయితే మాట పోయినా భావన పోయిందా అంటే నాకు అనుమానమే.

స్థితి పోయినవాడికి ఏమవుతుంది? దివ్యబలిపూజ చేయకూడదు, ప్రసంగం చేయకూడదు, విచారణ గురువుగా (ఊరి చర్చి బాధ్యుడిగా) ఉండకూడదు, ‘ఫాదర్’ అని పిలిపించుకోకూడదు. చేయకూడదు, నిజమే. కానీ నిబంధన మీరి పూజ చేస్తే అది చెల్లుతుందని ఆ చట్టమే ఒప్పుకుంటుంది. నేరం, కానీ చెల్లుతుంది. ఒక్క సందర్భంలో నేరం కూడా కాదు. జాతీయ రహదారి మీద రాత్రి బస్సు బోల్తా పడిందనుకోండి. ప్రయాణికుల్లో పదేళ్ల కిందట గురుత్వం వదిలి మందుల షాపు పెట్టుకున్న ఒకాయన ఉన్నాడు. పక్క సీటులోని కతోలికుడు చావుబతుకుల్లో ఉన్నాడు. ఆ మందుల షాపు ఆయన అక్కడే, రోడ్డు మీదే, చొక్కా ప్యాంటు మీదే, అతని పాపసంకీర్తనం విని క్షమాపణ పలకవచ్చు. చట్టం 976వ నిబంధన అందుకు అనుమతి ఇస్తుంది. బెనెడిక్ట్ మఠంలో తిరిగి ఇవ్వని కాగితం ఇదన్నమాట.

వెలివేయడం పూర్తిగా వేరే సంగతి. అది సాధారణ విశ్వాసికీ పడుతుంది, గురువుకూ పడుతుంది. పశ్చాత్తాపపడితే ఎత్తేసేందుకే వేసే శిక్ష అది. వెలిపడిన ఫాదర్ గురు స్థితిలోనే ఉంటాడు. గురు స్థితి పోయినవాడు వెలిలో ఉండనక్కరలేదు, ఆదివారం వరసలో నిలబడి సత్ప్రసాదం తీసుకోవచ్చు. మా పేజీలోని ‘బహిష్కరణ’ తప్పయింది ఇక్కడే.

ప్రొటెస్టెంటు సంఘాల్లో ఈ ముద్ర సిద్ధాంతం లేదు, లేదా చాలా పలచగా ఉంది. మన ఊళ్లలో బాప్టిస్టు, లూథరన్ సంఘాల పాస్టరు హోదా సంఘం ఇచ్చిన పని. సంఘం తీసేస్తే తీసేసినట్టే. ఒకే వీధిలో ఉన్న రెండు చర్చిల్లో ఫాదర్‌గారికీ పాస్టరుగారికీ ఒకేరకం చర్య జరిగినా, పోయేది ఒకటి కాదు. మధ్యలో ఉండేది ఇంగ్లండు చర్చి. అది 1932లో నారిచ్ కథీడ్రల్‌లో హెరాల్డ్ డేవిడ్‌సన్ అనే రెక్టరును (ఊరి చర్చి గురువును) దింపింది. ఆయన ఊరుకోకుండా, తనకు అన్యాయం జరిగిందని ప్రచారం చేసుకోవడానికి బ్లాక్‌పూల్ తీరంలో పీపాలో కూర్చుని జనానికి దర్శనమిచ్చాడు. 1937లో ఇంకో సముద్రతీరపు సంతలో సింహాల బోనులోకి వెళ్లి, సింహం దాడితో చనిపోయాడు. కల్పిస్తే ఎవరూ నమ్మని కథ.

మన వైపు సంప్రదాయాల్లో ఈ చిక్కుముడి ఇంకోలా ఉంది. సన్యాసం నుంచి బయటికి దారి లేదు; ఎక్కి పడినవాడికి ‘ఆరూఢపతితుడు’ అనే మాట మాత్రం ఉంది. దింపేవాడు లేడు, పడటమే ఉంది. ‘వినయం’ అనే బౌద్ధ భిక్షువుల నియమావళిలో నాలుగు పారాజిక అపరాధాలు ఉన్నాయి: మైథునం, దొంగతనం, మనిషిని చంపడం, లేని సిద్ధులు ఉన్నాయని చెప్పుకోవడం. వీటిలో ఏది చేసినా ఆ క్షణమే భిక్షువు భిక్షువు కాడు, ఎవరూ ప్రకటించనక్కరలేదు. అక్కడ ఇచ్చిన పోలికల్లో ఒకటి మన పొలం గట్టు మీదిదే: మొవ్వు నరికిన తాటిచెట్టు మళ్లీ చిగుర్చదు. అగస్టీన్ సైనికుడి ముద్రకు ఇది సరిగ్గా తలకిందులు.

ఆలయ అర్చకుల విషయం కోర్టులే విడదీశాయి. 1987లో ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేస్తే, 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. పూజ చేయడం మతానికి సంబంధించినది, పూజ చేసేవాడిని నియమించడం లౌకికమైన పని అని తేల్చింది. ఆ లెక్కన ప్రభుత్వం తీయగలిగేది ఉద్యోగం, దీక్ష కాదు. ట్రెంట్ సభలో కూర్చున్న బిషప్పులు ఈ తీర్పులోని ఆ ఒక్క గీతను మాత్రం చూసి తల ఊపేవారనుకుంటాను.

మరి తెలుగులో ఏమని రాయాలి? కతోలికుల విషయంలో శిక్ష అయితే ‘గురు స్థితి నుంచి తొలగించారు’, కోరుకుని వస్తే ‘గురు బాధ్యతల నుంచి విముక్తి పొందారు’ అని ఇప్పుడు రాస్తున్నాను. కాస్త పొడుగే, శీర్షికలో ఇమడదు. ‘అంగీ విప్పించారు’ అంటే ఇముడుతుంది, అందంగా కూడా ఉంటుంది. కానీ చదివేవాడు నిజంగానే బట్టలు విప్పించారనుకునే ప్రమాదం ఉంది. ఆ కుర్రవాడు ఇప్పుడు సీనియర్, ఇలాంటి వార్త వస్తే నన్ను అడగడం మానేశాడు.

ఈ మాట వెనక తిరుగుతుంటే నాకు ఎక్కువగా గుర్తుండిపోయిన మనిషి మాత్రం తాలేరాన్. ఫ్రెంచి విప్లవానికి ముందు ఓతాం అనే ఊరి బిషప్పు. తర్వాత విప్లవంలో చేరి, చర్చి ఆస్తులను జాతీయం చేయాలని తనే ప్రతిపాదించి, శ్రీసభతో తెగతెంపులు చేసుకుని, నెపోలియన్‌కు విదేశాంగ మంత్రి అయ్యాడు. 1802లో పోపు ఏడో పయస్ ఆయన లౌకిక జీవితంలోకి వెళ్లడానికి ఒప్పుకున్నాడు గానీ పెళ్లికి అనుమతి ఇవ్వలేదు. స్థితి వేరు, బ్రహ్మచర్యం వేరు. నేటికీ ఆ రెండో ముడి విప్పగలిగేది పోపు ఒక్కడే. తాలేరాన్ ఆగలేదు, కొద్ది నెలలకే పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లకు పైగా ఆయనలో బిషప్పు ఛాయ ఎవరికీ కనిపించలేదు. 1838 మే నెలలో పారిస్‌లో, 84వ ఏట, చావుకు కొన్ని గంటల ముందు శ్రీసభతో రాజీపడే కాగితం మీద సంతకం చేశాడు. యువ గురువు దుపాన్‌లూ అవస్థ అభ్యంగనం (చావుబతుకుల్లో ఉన్నవారికి నూనె రాసే సంస్కారం) ఇవ్వడానికి నూనె తెచ్చాడు. అప్పట్లో మామూలు మనుషులకైతే ఆ నూనె అరచేతుల్లో రాసేవారు. గురువుల అరచేతులకు అభిషేకం నాడే నూనె అంటింది గనుక, వారికి చేతుల వెనకవైపు రాసేవారు. గురువు దగ్గరికి రాగానే ఆ ముసలివాడు పిడికిళ్లు బిగించి, చేతులు బోర్లించి ముందుకు చాచాడు. “మరిచిపోకండి, నేను బిషప్పును” అన్నాడని చెబుతారు.